బిల్లు చేతికొస్తేనే రాబడి



ఆకివీడు, కైకలూరు, ఉండి, తాడేపల్లిగూడెం, ఏలూరు. ఈ ఊళ్ళలో సర్కారు పనుల మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకరు కాలువలో పూడిక తీయిస్తారు. ఒకరు డ్రెయిన్లలో గుర్రపుడెక్క తీయిస్తారు. ఒకరు పంచాయతీ రోడ్డు వేస్తారు. ఇంకొకరికి రైసు మిల్లు ఉంటుంది. పౌర సరఫరాల సంస్థ ఇచ్చిన ధాన్యం ఆడించి, బియ్యం అప్పజెబుతారు. పనులు వేరు. కానీ అందరికీ డబ్బిచ్చే చెయ్యి ఒక్కటే. అది ప్రభుత్వం.

ఈవేళ నేను మాట్లాడబోయేది వాళ్ళ పని గురించి కాదండి. వాళ్ళ రాబడి గురించి. ఆ రాబడిని దారిలో పెట్టడానికి, అనుభవం ఉన్న ఒక పెద్ద మనిషిని కొన్ని నెలలకు మాత్రమే పెట్టుకోవడం గురించి. మరోసారి చెబుతున్నాను, కొన్ని నెలలకే. శాశ్వతంగా కాదు.

ఒక ఇంటిని ఊహించుకోండి. ఆకివీడులో స్టేషన్ రోడ్డు వైపు ఒక డాబా. ముందు గదే ఆఫీసు. యజమాని పాతికేళ్ళుగా కాంట్రాక్టరు. ఆయనకు మట్టి తెలుసు, కాంక్రీటు తెలుసు. ఏ గట్టు నిలుస్తుందో, ఏ గట్టు జారుతుందో కంటితో చూసి చెప్పగలడు. ఆయన చేసిన పనిని ఎవరూ వేలెత్తి చూపలేదు. కానీ ఇంట్లో మాత్రం ఎప్పుడూ అప్పే. ఇటు ఫైనాన్స్ వాళ్ళ వడ్డీ, అటు ఇనుము కొట్టు బాకీ. పని బాగుంది, పేరు బాగుంది. మరి డబ్బు ఎక్కడుంది?

డబ్బు కాగితాల్లో ఉంది. ఎక్కడెక్కడి కాగితాల్లోనో ఉంది. దాన్ని వెతికి తెచ్చే మనిషి ఆ ఇంట్లో లేడు.

మన డెల్టాలో ఈ కష్టం ఇంకాస్త ఎక్కువ. గోదావరి కాలువలు ఏప్రిల్‌లో కట్టేస్తారు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారు. కాలువ లోపల చేయాల్సిన పని ఏదైనా ఆ కొద్ది వారాల్లోనే చేయాలి. వాటినే క్లోజర్ పనులంటాం. మనుషులు, యంత్రాలు, డీజిలు, అన్నీ ఒక్కసారే కావాలి. అంటే ఖర్చంతా ఒక్కసారే. బిల్లు మాత్రం అలా రాదు. పని ముందు ఎం.బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కాలి. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, కొలతలు రాయాలి. ఆయన పై ఇంజనీరు డీఈ సరిచూడాలి. ఆ పైన ఉండే ఈఈ సంతకం కావాలి. ఆ తర్వాత పే అండ్ అకౌంట్స్ వాళ్ళు చూడాలి. అన్నీ అయ్యాక కూడా ఖజానాలో ఆ పద్దుకు నిధులు ఉండాలి. మార్చి 31 దాటితే బడ్జెట్ మారిపోతుంది, బిల్లు మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడవచ్చు. ఈ మెట్లన్నీ ఎక్కించే పని ఎవరిది? యజమానిదే. ఆయన అప్పుడెక్కడ ఉంటాడు? కాలువ గట్టు మీద, పొక్లెయిన్ పక్కన ఉంటాడు.

అందుకే అంటున్నాను. పని చూసే మనిషి వేరు, రాబడి చూసే మనిషి వేరు. ఇద్దరూ కావాలి. ఒక్కరే రెండూ చేయాలంటే ఏదో ఒకటి చెడుతుంది. మన ఊళ్ళలో ఎక్కువగా చెడుతున్నది రాబడే.

పెద్ద పెద్ద కంపెనీల్లో ఈ పనికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగం ఉంది. చీఫ్ రెవెన్యూ ఆఫీసర్ అంటారు. సంస్థకు వచ్చే ప్రతి రూపాయికీ ఆయనే బాధ్యుడు. చిన్న సంస్థ అంత జీతం భరించలేదు. అందుకని అలాంటి అనుభవం ఉన్నవాళ్ళను కొంతకాలానికి, వారానికి రెండు మూడు రోజుల లెక్కన పెట్టుకునే పద్ధతి వచ్చింది. అమెరికాలో ఇది బాగా కనిపిస్తుంది. వాషింగ్టన్‌కు ఆనుకుని వర్జీనియా, మేరీలాండ్ ఉన్నాయి. మన వైపు పిల్లలు అక్కడ చిన్న చిన్న కంప్యూటర్ కంపెనీలు పెట్టుకుని, అక్కడి ప్రభుత్వ శాఖలకు పనులు చేస్తున్నారు. అలాంటి చిన్న సంస్థలకు అక్కడ ఎయిట్ ఏ అనే పథకం ఉంది. అందులో చేరినవాళ్ళకు కొన్ని ప్రభుత్వ కాంట్రాక్టులు ప్రత్యేకంగా దొరుకుతాయి. కానీ గడువు 9 ఏళ్ళే. తొమ్మిదేళ్ళు నిండగానే పెద్దవాళ్ళతో సమానంగా పోటీ పడాలి. సరిగ్గా ఆ మలుపు దగ్గర, రాబడి చూసే మనిషి కావాల్సి వస్తాడు. అదీ కొంతకాలానికే.

ఇది అమెరికా సంగతి, మనకెందుకు అనుకోకండి. ఈ పద్ధతి మన కొల్లేరు పక్కన ఎప్పటి నుంచో ఉంది. రొయ్యల చెరువు వేసిన రైతు ఏం చేస్తాడు? పంటకాలానికి ఒక టెక్నీషియన్‌ను మాట్లాడుకుంటాడు. ఆయన వచ్చి నీళ్ళు చూస్తాడు, మేత లెక్క చెబుతాడు, రోగం ముందే పసిగడతాడు. పంట పట్టగానే ఆయన వేరే చెరువుకు వెళ్ళిపోతాడు. చెరువు రైతుదే, నిర్ణయం రైతుదే. కళ్ళు మాత్రం అనుభవం ఉన్నవాడివి. కాంట్రాక్టు వ్యాపారంలో రాబడి చూసే మనిషి కూడా అంతే.

మరి ఆ మనిషి వచ్చి చేసేదేమిటి? ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

మొదటి రోజున ఆయన కొత్త టెండర్ల జోలికి పోకూడదు. పాత బీరువా తెరవాలి. ఎందుకంటారా? మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ పనులకు మామూలుగా ఉండే పద్ధతి చూడండి. ఒప్పందం నాటికి కాంట్రాక్టరు ఈఎండీ అనే ముందస్తు డిపాజిట్ కింద రెండున్నర శాతం కడతాడు. ఆ తర్వాత ప్రతి బిల్లులోనూ ఏడున్నర శాతం పట్టి ఉంచుతారు. రెండూ కలిపితే పది. అంటే కోటి రూపాయల పని చేస్తే, పది లక్షలు సర్కారు దగ్గరే ఉంటాయి. పనిలో లోపాలు బయటపడితే సరిచేయించడానికి అది పూచీ. గడువు తీరాక తిరిగి ఇవ్వాలి. ఇస్తారు కూడా. కానీ అడగాలి. సరైన కాగితంతో అడగాలి.

చాలా ఇళ్ళలో ఎవరూ అడగరు. కొత్త పని హడావిడిలో పాత పని గడువు ఎప్పుడు తీరిందో గుర్తుండదు. ఈఈ గారు బదిలీ అవుతారు. కొత్త ఈఈ గారికి ఆ ఫైలు తెలియదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. ఏలూరు ఒక జిల్లా అయింది, భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి వేరే జిల్లా అయింది. ఆఫీసుల హద్దులు మారినప్పుడు పాత ఫైలు ఎక్కడుందో కనుక్కోవడమే ఒక పని. ఒకసారి మీ సంగతి ఆలోచించుకోండి. గత ఎనిమిదేళ్ళలో మీరు చేసిన పనులన్నిటి మీదా పది రూపాయలకో రూపాయి ఎక్కడో ఆగి ఉందేమో. అది అప్పు కాదు. లాభం కూడా కాదు. మీ సొంత సొమ్ము.

కోటికి పది లక్షలు. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

బీరువా అయ్యాక టెండర్లు. ఇక్కడ ఆ మనిషి గొప్పతనం ఎందులో తెలుస్తుందో చెప్పనా? వేయించిన టెండర్లలో కాదు. వద్దని ఆపిన టెండర్లలో.

ఒకప్పుడు టెండరు అంటే పెట్టె. ఆఫీసు వరండాలో తాళం వేసిన పెట్టె. కవరు తీసుకెళ్ళి అందులో వేయాలి. ఆ పెట్టె దగ్గరికి పోనివ్వకుండా అడ్డుకున్న రోజులు, ముందే అందరూ కూర్చుని రింగు అయిపోయిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. 2003లో మన రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చింది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే టెండరు వేయొచ్చు. మంచి మార్పు. చిన్నవాడికి తలుపు తెరిచిన మార్పు. అయితే దానితో పాటు ఇంకొకటి జరిగింది. ఎక్కడెక్కడివాళ్ళో మన కాలువకు టెండరు వేయడం మొదలైంది. పోటీ పెరిగింది. పోటీతో పాటు లెస్సు పెరిగింది.

లెస్సు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఎస్టిమేటు కోటి ఉంటే, దానికి తక్కువగా పదిహేను శాతం లెస్సు, ఇరవై శాతం లెస్సు అని వేస్తారు. పాతిక శాతం కంటే దిగితే ఆ తేడాకు అదనంగా బ్యాంకు గ్యారంటీయో డీడీయో పెట్టమంటారు. అయినా వేసేవాళ్ళున్నారు. ఎందుకు? పని చేతిలో లేకపోతే పరువు పోతుందని. యంత్రాలు ఖాళీగా ఉన్నాయని. అవతలివాడికి పోకూడదని. ఇవేవీ లెక్కలు కావండి. ఇవి మనసులోని మాటలు. కాంట్రాక్టు మొదలైన రోజే నష్టం మొదలైతే, ఎంత బాగా పని చేసినా ఆ నష్టం పూడదు. పైగా ఆ పూడని నష్టం చివరికి పని నాణ్యత మీద పడుతుంది. గట్టు నాసిరకం అవుతుంది. వరద రోజున ఆ గట్టు కింద ఊళ్ళు ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ఆ నీరు కొల్లేరుకే వచ్చింది. గట్టు విలువ ఏమిటో మన లంక గ్రామాల వాళ్ళను అడగండి. అందుకే టెండరులో తప్పు లెక్క ఆ ఒక్క ఇంటి సమస్య కాదంటాను.

బయటి నుంచి వచ్చిన మనిషికి ఆ పరువు గొడవ లేదు. ఆయన కాగితం మీద లెక్క వేస్తాడు. డీజిలు ఎంత, కూలీ ఎంత, బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే వడ్డీ ఎంత. ఆ వడ్డీని మన వాళ్ళు లెక్కలో రాయరు. ఆయన రాస్తాడు. రాసి, ఈ పని మనకొద్దు అంటాడు. ఇంకొక సంగతి కూడా ఆయన చూస్తాడు. చేతిలో ఉన్న పనులు ఎక్కువైతే బిడ్ కెపాసిటీ, అంటే కొత్త పనికి టెండరు వేయగల పరిమితి, తగ్గుతుంది. నష్టపు పని ఒకటి నెత్తిన పెట్టుకుంటే, రేపు లాభం వచ్చే పనికి అర్హతే లేకుండా పోవచ్చు.

కొంతకాలానికి వచ్చిన పెద్దలు ఏం చేయగలరో, ఏం చేయలేరో చూపే, నిజంగా జరిగిన ఒక కథ ఇప్పుడు మీకు చెబుతాను. మన పక్కనున్న భీమవరం నుంచి వెళ్ళిన కుటుంబం కథ.

2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారు లేని డబ్బును లెక్కల్లో చూపించామని లేఖ రాశారు. దేశం నిర్ఘాంతపోయింది. సుమారు యాభై వేల మంది ఉద్యోగులు. జీతాలకు డబ్బు లేదు. రెండు మూడు రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును రద్దు చేసింది. కొత్తవాళ్ళను కూర్చోబెట్టింది. కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, అచ్యుతన్. తర్వాత మరో ముగ్గురు. వీళ్ళెవరూ అక్కడ ఉండిపోవడానికి వచ్చినవాళ్ళు కాదు. కొన్ని నెలలకు వచ్చినవాళ్ళు. ఫిబ్రవరిలో సంస్థలోనే పనిచేస్తున్న ఎ.ఎస్.మూర్తి గారిని సీఈఓగా పెట్టారు. ఆయనకు తోడుగా బయటి నుంచి ఇద్దరు అనుభవజ్ఞులను సలహాదారులుగా ఇచ్చారు. చూడండి ఆ అమరిక. ముందు నిలబడింది లోపలి మనిషి. పక్కన నిలబడింది బయటి అనుభవం. జీతాలు ఆగకుండా చూశారు. కస్టమర్లు వెళ్ళిపోకుండా పట్టుకున్నారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది. వంద రోజులు తిరగకుండానే సంస్థ ఒక ఒడ్డుకు చేరింది.

ఇది అందరికీ తెలిసిన కథే. నేను చెప్పాలనుకున్నది దాని పక్క కథ.

ఆ కుటుంబానిదే ఇంకొక సంస్థ ఉండేది. మేటాస్ ఇన్‌ఫ్రా. అది కంప్యూటర్ల కంపెనీ కాదు. మన లాంటిదే. పెద్ద ఎత్తున సర్కారు కాంట్రాక్టులు చేసేది. సాగునీటి పనులు, రోడ్లు. 2008లో హైదరాబాద్ మెట్రో రైలు కాంట్రాక్టు కూడా ఆ సంస్థ ముందుండి నడిపిన కూటమికే దక్కింది. సత్యం కూలగానే దాని మీదా అనుమానం పడింది. కంపెనీ లా బోర్డు ద్వారా కేంద్రం అక్కడ కూడా డైరెక్టర్లను పెట్టింది. అంటే ఇక్కడా కొంతకాలపు నాయకత్వమే. కానీ మెట్రో కాంట్రాక్టు నిలవలేదు. గడువులోగా నిధుల ఏర్పాటు చూపించలేకపోయారు. 2009 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం రద్దు చేసింది. మళ్ళీ టెండరు పిలిస్తే 2010లో ఎల్ అండ్ టీకి వెళ్ళింది. మేటాస్ పగ్గాలు ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చేతికి పోయాయి, తర్వాత పేరు కూడా మారింది.

రెండు సంస్థలు. ఒకే కుటుంబం, ఒకే ఏడాది. రెండింటిలోనూ కొంతకాలానికి వచ్చిన పెద్దలే. మరి ఒకచోట కాంట్రాక్టులు చాలావరకు నిలిచి, మరోచోట అంత పెద్ద కాంట్రాక్టు ఎందుకు పోయింది? నాకు తోచినది చెబుతాను. సత్యం కస్టమర్లలో ఎక్కువమంది ప్రైవేటు కంపెనీలు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, మీ పని ఆగదు అని ధైర్యం చెప్పవచ్చు. వాళ్ళకు నమ్మకం కుదిరితే ఉంటారు. ప్రభుత్వం అలా ఉండదు. ఉండకూడదు కూడా, ఎందుకంటే అది ప్రజల సొమ్ము. ఫలానా తేదీకి ఫలానా కాగితం వచ్చిందా, లేదా? అంతే. ఎంత పెద్దవాళ్ళు వచ్చి మాట ఇచ్చినా, ఆ కాగితం లేకపోతే కాంట్రాక్టు లేదు.

కాబట్టి సర్కారు కాంట్రాక్టులో రాబడి మాటతో రాదు. కాగితంతో వస్తుంది. మీరు పెట్టుకునే మనిషి మాటకారా, కాగితం మనిషా? నేనైతే ఎప్పుడూ కాగితం మనిషినే పెట్టుకోమంటాను.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. దయచేసి ఇది శ్రద్ధగా వినండి. రాబడి చూసే మనిషి కావాలనగానే మన వాళ్ళలో కొందరికి ఇంకో రకం మనిషి గుర్తొస్తాడు. ఆఫీసుల్లో అందరూ తెలిసినవాడు. ఫోను చేస్తే పని అయిపోతుందనేవాడు. వచ్చిన టెండరులో ఇంత శాతం నాకు, అనేవాడు. ఆ మనిషిని గుమ్మంలోకి రానివ్వకండి.

ఎందుకో చెబుతాను. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించారు. లంచం తీసుకోవడం ఎప్పుడూ నేరమే. ఇప్పుడు ఇవ్వడం కూడా సూటిగా నేరమే. అంతే కాదు. సంస్థ తరఫున పనిచేసే మనిషి ఎవరైనా, ఉద్యోగి కానీ ఏజెంటు కానీ, సంస్థ పని కోసం లంచం ఇస్తే సంస్థ కూడా దోషి అవుతుంది. ఆయన మూడు నెలలకు వచ్చినవాడే కావచ్చు. నేరం మాత్రం మీ సంస్థ పేరు మీద ఉంటుంది. ఇందాక చెప్పిన అమెరికాలో, ప్రభుత్వ కాంట్రాక్టులోనే ఒక షరతు రాసి ఉంటుంది. కాంట్రాక్టు తెప్పిస్తే ఇంత అని పలుకుబడి అమ్ముకునేవాళ్ళకు కమిషన్ ఒప్పుకుంటే, ఆ కాంట్రాక్టును రద్దు చేయొచ్చు. కమిషన్ అనేది మనిషిని ఎటు నెడుతుందో అక్కడివాళ్ళకూ తెలిసింది. ఏదో ఒకలా టెండరు వస్తే చాలు, నష్టం వచ్చినా నాకేమిటి అనిపిస్తుంది. అందుకే నెలకు ఇంత అని జీతం మాట్లాడండి. శాతం మాట్లాడకండి.

ఇంకొకటి. రిటైరైన ఇంజనీరు గారిని పెట్టుకుందాం అనిపిస్తుంది. సహజమే, వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు. మంచివాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ టెండరు షెడ్యూలు తీసి చదవండి. గెజిటెడ్ ఇంజనీరు రిటైరైన తర్వాత నిర్ణీత కాలం దాటకుండా, ప్రభుత్వ అనుమతి లేకుండా, కాంట్రాక్టరుగా కానీ కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగిగా కానీ ఉండకూడదని అందులోనే రాసి ఉంటుంది. ఉన్నట్టు తేలితే మీ కాంట్రాక్టే రద్దు కావచ్చు. ఆ గడువు ఎంత, అనుమతి ఎవరివ్వాలి అన్నది మీ షెడ్యూలులో చూసుకోండి. గడువు దాటినవారైతే నిశ్చింతగా రమ్మనండి. కాకపోతే పెద్ద కాంట్రాక్టు కంపెనీల్లో బిల్లింగు, టెండర్లు చూసి రిటైరైనవాళ్ళు, పే అండ్ అకౌంట్స్ లెక్కలు క్షుణ్ణంగా తెలిసిన ఆడిటర్లు ఏలూరులోనూ విజయవాడలోనూ దొరుకుతారు.

డిజిటల్ కీ సంగతి కూడా చెప్పాలి. టెండరు వేయడానికి కంప్యూటర్‌కు పెట్టే ఆ చిన్న కీ. చాలా ఇళ్ళలో అది గుమస్తా సొరుగులో ఉంటుంది, పాస్‌వర్డు దాని మీదే చీటీ రాసి అంటించి ఉంటుంది. అది మీ సంతకమండి. చట్టం దృష్టిలో మీరు చేత్తో పెట్టిన సంతకంతో సమానం. వచ్చిన మనిషి ఎంత మంచివాడైనా ఆ కీ ఆయనకు ఇవ్వకండి. టెండరు ఆయన సిద్ధం చేస్తాడు. మీరు చదువుతారు. కీ మీరే పెడతారు. పాత అనుభవ పత్రాలు జత చేసేటప్పుడు కూడా మీరే కళ్ళారా చూడండి. ఒక్క తప్పుడు పత్రం వెళితే బ్లాక్‌లిస్టులో పడేది మీ పేరే.

మిల్లులవాళ్ళకూ, సరఫరాలు చేసేవాళ్ళకూ ఒక మాట. మీరు చిన్న సంస్థ అయితే ఉద్యమ్ అనే చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించుకోండి. పని మొదలుపెట్టకముందే చేయించుకోండి. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు కొనే వస్తువుల్లో, సేవల్లో నాలుగో వంతు చిన్న పరిశ్రమల నుంచే కొనాలని విధానం ఉంది. అందులో ఆడవాళ్ళ సంస్థలకు 3 శాతం వాటా కూడా ఉంది. సరుకు తీసుకున్నాక 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వకపోతే వడ్డీతో సహా ఇవ్వాలని 2006 నాటి చట్టం చెబుతోంది. మట్టి పనులకు, కట్టడాలకు ఇది వర్తిస్తుందా లేదా అన్న వాదన కోర్టుల్లో నడుస్తూనే ఉంది. సరుకు ఇచ్చేవాళ్ళకు మాత్రం ఇది గట్టి ఆసరా. చిన్న సరఫరాదారు చాలామందికి ఈ హక్కు ఉందనే తెలియదు. రాబడి చూసే మనిషి వస్తే మొదటి వారంలోనే ఇది చూసి పెడతాడు.

సరే, మనిషి దొరికాడు. ఇంట్లో మాట వస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఉన్న గుమస్తా గారు నొచ్చుకుంటారు. "నేనుండగా బయటివాడెందుకండీ?" అంటారు. అందులో తప్పేమీ లేదు. ఆయన్ను పిలిచి కూర్చోబెట్టండి. "బాబాయ్ గారూ, ఈయన ఆరు నెలల్లో వెళ్ళిపోతారు. ఆయన చేసినదంతా మీరూ మన అమ్మాయీ నేర్చుకోవాలి. ఆ తర్వాత చూసేది మీరే" అని చెప్పండి. నిజంగానే అలా చేయండి. వచ్చిన మనిషి పక్కన ప్రతి రోజూ ఇంటి మనిషి ఒకరు కూర్చోవాలి. కొడుకే కానక్కర్లేదు. బీకాం చదివి ఇంట్లో ఉన్న కోడలు, కూతురు ఎవరైనా సరే. ఆఫీసుకు వెళ్ళి ఈఈ గారి దగ్గర ఫైలు అడగడం ఆడపిల్లకు చేతకాదని ఎవరైనా అంటే నమ్మకండి. తేదీ, నంబరు, కాగితం చేతిలో ఉంటే ఎవరడిగినా ఒకటే.

ఆరు నెలలకు మాట్లాడుకుంటే ఆ ఆరు నెలలు ఎప్పుడన్నది కూడా ముఖ్యం. మన దగ్గర అక్టోబరు, నవంబరు నుంచి మార్చి ఆఖరు దాకా అయితే మంచిది. పాత బిల్లులు బడ్జెట్ ఉండగానే కదులుతాయి. క్లోజర్ పనులకు టెండర్లు రాబోయే సమయానికి లెక్కలు సిద్ధంగా ఉంటాయి.

ఒప్పందం కాగితం మీద రాయండి. నోటి మాట వద్దు. ఏ పాత బిల్లులు వెంట పడాలి, ఏ డిపాజిట్లు వెనక్కి తేవాలి అన్నది పేరుపేరునా రాయండి. ఒక రిజిస్టరు తయారు చేసి పెట్టాలని రాయండి. ప్రతి పనికీ ఒక పేజీ. ఒప్పందం తేదీ, గ్యారంటీ ముగిసే తేదీ, బిల్లు పెట్టిన తేదీ, డబ్బు పడిన తేదీ, డిపాజిట్ అడగాల్సిన తేదీ. ఆయన వెళ్ళిపోయినా ఆ రిజిస్టరు మీ బల్ల మీద ఉండాలి. అది లేకుండా ఆయన వెళ్ళిపోతే, ఏడో నెల మీరు మళ్ళీ మొదటికే వస్తారు.

బిల్లులు ఎంత వెంటపడినా రానివి కొన్ని ఉంటాయి. మన రాష్ట్రంలో పెండింగ్ బిల్లుల కోసం హైకోర్టుకు వెళ్ళిన కాంట్రాక్టర్లు తక్కువేమీ కాదు. అక్కడ కూడా నిలబెట్టేది కాగితమే. ఎప్పుడు పని అప్పజెప్పారు, ఎప్పుడు లేఖ రాశారు, దానికి ముట్టినట్టు ముద్ర ఉందా. ఖజానాలో డబ్బు లేకపోతే ఏ మనిషీ తెప్పించలేడు, అది ఒప్పుకోవాలి. రేపు మీ వంతు వచ్చిన రోజున మీ కాగితం లోటు వల్ల ఆగకుండా చూడటం ఆ మనిషి పని. తెప్పిస్తానని ప్రమాణం చేసేవాడిని నమ్మకండి.

మీ దగ్గరికి వచ్చిన మనిషిని ఏమడగాలని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఎంత పెద్ద టెండర్లు గెలిపించావని అడగకండి. ఏ టెండరు వేయొద్దని చెప్పావు, ఎందుకు చెప్పావు అని అడగండి. ఆగిపోయిన బిల్లు ఒకటి చెప్పు, అది ఏ బల్ల దగ్గర ఆగింది, ఏ కాగితం పెడితే కదిలింది అని అడగండి. తర్వాత మీ పాత ఒప్పందం ఒకటి ఆయన చేతిలో పెట్టి, ఓ గంట వదిలేయండి. గంట తర్వాత ఆయన మిమ్మల్ని ప్రశ్నలు అడగాలి. ఈ పని పూర్తయినట్టు సర్టిఫికెట్ ఏది? గడువు పొడిగించిన ఉత్తర్వు ఏది? ఈ డిపాజిట్ వెనక్కి వచ్చిందా? అలా అడిగితే జీతం సంగతి మాట్లాడండి. కాగితం పక్కన పెట్టి, ఫలానా ఆఫీసరు నాకు బాగా తెలుసు అని మొదలుపెడితే, కాఫీ ఇచ్చి పంపించండి.